రుడాల్ఫ్ డీజిల్ : వేరుసెనగ నూనెతో నడచిన యంత్రము

డీజిల్ అను మాట వినని పల్లె నేడు లేదు. లారీలు, ట్రాక్టర్లు, వరికోత యంత్రములు ఆ పేరుగల నూనెతో నడచుచున్నవి. విద్యుచ్ఛక్తి రాకమునుపు అనేక గ్రామములలో మోటకు బదులుగా బావినీరు తోడినదియు, బియ్యపు మరను త్రిప్పినదియు ఆ జాతి ఇంజనులే. అయినను డీజిల్ అనునది నూనె పేరని తలచువారే గాని, అది మొదట ఒక మనుష్యుని పేరని యెరిగినవారు తక్కువ. ఆయన యంత్రము ఒకప్పుడు వేరుసెనగ నూనెతో నడచెననియు, సేద్యగాని పొలము యంత్రములకు శక్తి నీయగలదని ఆయన నమ్మెననియు తెలిసినవారు ఇంకను తక్కువ. నూనెగింజలు పండించు రైతులకు ఆ మహనీయుని చరిత్ర తెలిసికొనదగినది.

రుడాల్ఫ్ డీజిల్ 1858వ సంవత్సరము మార్చి 18వ తేదీన ఫ్రాన్సు దేశపు రాజధానియగు పారిస్ నగరమున జన్మించెను. తలిదండ్రులు జర్మనీలోని బవేరియా ప్రాంతమువారు. తండ్రి పుస్తకములకు అట్టలు కట్టు వృత్తి నేర్చినవాడు. పారిస్‌లో తోలు వస్తువులు చేసి అమ్ముచు సంసారము నడుపుచుండెను. కలిగిన కుటుంబము కాదు. బాలుడగు రుడాల్ఫ్ తండ్రి చేసిన సరకులను బండిపై పెట్టి త్రోసికొనిపోయి, కొన్నవారి యిండ్లకు చేర్చుచుండెను. తీరిక దొరకినప్పుడెల్ల నగరములోని యంత్రముల ప్రదర్శనశాలకు పోయి, అచ్చట భద్రపరచిన పాత ఆవిరి యంత్రములను కన్నులార చూచుచుండెను. ధనము లేని పిల్లవానికి ఆ ప్రదర్శనశాలయే మొదటి బడియయ్యెను.

1870లో ఫ్రాన్సుకును ప్రష్యాకును యుద్ధము సంభవించెను. పారిస్‌లోని జర్మనులు నగరము విడువవలసి వచ్చెను. డీజిల్ కుటుంబము లండన్ నగరము చేరెను. పండ్రెండేండ్ల రుడాల్ఫ్‌ను మాత్రము తలిదండ్రులు జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ పట్టణమునకు, గణితోపాధ్యాయుడగు ఒక బంధువు ఇంటికి పంపిరి. ఆ యెడబాటే ఆయన చదువునకు దారితీసెను. పదునాలుగవ యేట తాను ఇంజనీరు కావలెనని నిశ్చయించుకొని తలిదండ్రులకు జాబు వ్రాసెను. 1875లో విద్యార్థి వేతనము సంపాదించి మ్యూనిక్ నగరమందలి పాలిటెక్నిక్ కళాశాలలో చేరెను. పరీక్షల వేళకు టైఫాయిడ్ జ్వరము సోకి ఆలస్యమైనను, 1880 జనవరిలో అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను.

ఆ కళాశాలలో శీతల యంత్రముల నిర్మాణమునకు ప్రఖ్యాతుడగు కార్ల్ ఫాన్ లిండే ఆయనకు గురువు. మంచి ఆవిరి యంత్రము కూడ బొగ్గులోని వేడిలో నూటికి ఆరు మొదలు పది పాళ్లను మాత్రమే పనిగా మార్చుననియు, తక్కినదంతయు వ్యర్థమగుననియు లిండే పాఠము చెప్పెను. ఆ వ్యర్థమును తగ్గించు ఉపాయము కనుగొనవలెనను కోరిక శిష్యుని మనస్సున నాటుకొనెను. చదువు ముగిసిన పిమ్మట ఆయన పారిస్‌లో గురువుగారి మంచు యంత్రముల వ్యాపారమున ఉద్యోగియయ్యెను. 1883లో మార్తా ఫ్లాషే అను కన్యను వివాహమాడెను. వారికి మువ్వురు సంతానము. పగలు ఉద్యోగము చేయుచు, మిగిలిన కాలమంతయు నూతన యంత్రమును గూర్చి ఆలోచించుచు పదేండ్లు గడపెను. ఆవిరికి బదులు అమోనియా వాయువుతో నడచు యంత్రమునకై మొదట చాల పాటుపడెను గాని, అది ఫలింపలేదు.

తుదకు ఆయనకు తోచిన ఉపాయము వినుటకు మిక్కిలి తేలిక. సైకిలు చక్రమునకు గాలి కొట్టునప్పుడు పంపు వేడెక్కును. గాలిని ఎంత నొక్కిన అంత వేడి పుట్టును. బలమైన ఉక్కు గొట్టములో గాలిని మితిమీర నొక్కి, ఆ వేడి గాలిలోనికి నూనెను తుంపరలుగా చిమ్మినచో, అగ్గిపుల్ల గాని విద్యుత్తు రవ్వ గాని లేకయే నూనె తనంతట తాను మండి పిస్టనును త్రోయును. ఈ యోచనకు ఆయన 1892లో పేటెంటు హక్కు కోరి, మరుసటి యేడు పొందెను. ఆగ్స్‌బర్గ్‌లోని యంత్రశాలవారును, క్రుప్ సంస్థవారును పరీక్షల వ్యయము భరించుటకు అంగీకరించిరి.

యోచన తేలికయైనను నిర్మాణము తేలిక కాలేదు. 1893 ఆగస్టు 10వ తేదీన మొదటి యంత్రమునకు నూనె నందింపగా, లోపలి ఒత్తిడికి కొలత పరికరము బద్దలై ముక్కలు నలుదెసల నెగసెను. డీజిల్ అధైర్యపడలేదు. యంత్రము తానుగా మండించుకొనగలదని ఆ ప్రేలుడే ఋజువు చేసెనని గ్రహించి, మరల గీతలు గీచి, మరల పోత పోయించెను. 1894 ఫిబ్రవరి 17వ తేదీన యంత్రము సుమారు ఒక నిమిషము తనంతట తాను తిరిగెను. సరిగా మూడేండ్లకు, 1897 ఫిబ్రవరి 17వ తేదీన, మ్యూనిక్ ఆచార్యుడగు మోరిట్స్ ష్రోటర్ దానిని పరీక్షించి కొలతలు తీసెను. నూనెలోని వేడిలో నూటికి 26 పాళ్లకు పైగా పనిగా మారుచున్నట్లు తేలెను. ఆవిరి యంత్రపు పనితో పోల్చిన ఇది రెండు రెట్లకు మించినది. డీజిల్ పేరు దేశదేశముల మారుమ్రోగెను.

ఈ యంత్రము యొక్క గొప్ప గుణము మరియొకటి కలదు. నిప్పురవ్వ అక్కరలేదు గనుక ఇది ఒకే జాతి నూనెను కోరదు. తుంపరలై మండగల నూనె ఏదియైనను దీనికి ఆహారమే. 1900వ సంవత్సరమున పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనమున ఈ సంగతి వెల్లడియయ్యెను. అచ్చట ఒట్టో కంపెనీవారు ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుసెనగ నూనెతో నడపిరి. భూమినుండి తీసిన నూనెకై చేసిన యంత్రమే అది; మార్పేమియు లేకుండ గింజల నూనెతో ఎంత నిమ్మళముగా నడచెననిన, భేదమును కనిపెట్టినవారు కొలదిమంది మాత్రమే. ఆ యేర్పాటు ఫ్రెంచి ప్రభుత్వము కోరినది. ఆఫ్రికాలోని తమ వలసలలో వేరుసెనగ విస్తారముగా పండుచుండుటచే, అచ్చటి పరిశ్రమలను అచ్చటి పంటతోనే నడపవచ్చునని ప్రభుత్వమువారి తలంపు.

ఈ తలంపు తనదని డీజిల్ ఎన్నడును చెప్పుకొనలేదు. కాని తరువాత తానును అట్టి పరీక్షలు చేసెను. 1912లో లండన్‌లో ఇంజనీర్ల సభయందు ఉపన్యసించుచు పారిస్ వృత్తాంతమును తెలిపి, గింజల నూనెలు అప్పటికి స్వల్పముగా కనబడినను కాలక్రమమున భూతైలముతోను, బొగ్గు నూనెతోను సమానమైన ప్రాముఖ్యము పొందవచ్చునని అభిప్రాయపడెను. భూగర్భమున నిలువయున్న ఇంధనములు తరిగిపోయినను, సూర్యుని వేడివలన పెరుగు పైరులనుండి వ్యవసాయమునకు వలసిన శక్తి దొరకుచునే యుండునని ఆయన విశ్వాసము.

యంత్ర విషయమున ప్రతి సంగతిని కొలిచి చూచిన ఆ మేధావి ధన విషయమున అట్లు చేయలేదు. హక్కుల విక్రయమువలన అపారమైన సంపద చేకూరెను. మ్యూనిక్‌లో గొప్ప భవనము కట్టించెను. భూముల క్రయవిక్రయములలోను, ఇతర సాహస వ్యాపారములలోను చాల ధనము పోగొట్టుకొనెను. అధిక శ్రమచే ఆరోగ్యము చెడెను. 1903లో ఆయన ఒక సాంఘిక గ్రంథమును ప్రకటించి, కార్మికులు తలకొక చిన్న మొత్తము కూడబెట్టి, ఆ ఉమ్మడి నిధితో కర్మాగారములకు తామే యజమానులు కావలెనని బోధించెను. దానిని చదివినవారు కొలదిమందియే. యంత్రమును మెచ్చిన లోకము ఆ గ్రంథమును పట్టించుకొనలేదు.

1913 సెప్టెంబరు 29వ తేదీ సాయంకాలము ఆయన ఇంగ్లండుకు పోవుటకై ఆంట్వర్ప్ రేవులో డ్రెస్డెన్ అను ఓడనెక్కెను. రాత్రి భోజనానంతరము గదికి పోయినవాడు మరునాటి యుదయమునకు కానరాలేదు. పరుపు నలగలేదు. కొన్ని దినములకు సముద్రమున ఒక శవమును నావికులు కనుగొని, వస్తువులు మాత్రము తీసికొని, దేహమును తిరిగి నీటికి విడిచిరి. ఆ వస్తువులు తండ్రివేయని కుమారుడు గుర్తుపట్టెను. ఆయన అప్పులలో మునిగియున్నట్లు పిమ్మట తెలిసెను. అది ఆత్మహత్యయో, ప్రమాదమో, మరియేదియో ఇంతవరకు నిర్ధారణ కాలేదు. అప్పటికాయన వయస్సు 55 సంవత్సరములు.

ఆయన పిమ్మట భూతైలము చౌకగా దొరకుటచే గింజల నూనెల మాట మరుగున పడెను. చిక్కని నూనె సన్నని రంధ్రములలో మడ్డిగట్టుటయు ఒక అడ్డంకి. 1937లో బెల్జియము దేశమున షావాన్ అను శాస్త్రజ్ఞుడు నూనెను ఆల్కహాలుతో కలిపి పలుచన చేయు పద్ధతికి పేటెంటు పొందెను. నేడు బయోడీజిల్ అను ఇంధనము అట్టి పద్ధతిచేతనే తయారగుచున్నది. 1973లో భూతైలము ధర హఠాత్తుగా పెరిగినప్పుడు లోకము మరల పంటపొలము వైపు చూచెను. మన దేశమున 2015 నుండి ఆగస్టు 10వ తేదీని జీవ ఇంధన దినముగా జరుపుచున్నారు. ఆ నాడే వేరుసెనగ నూనెతో యంత్రము నడచెనని కొందరు చెప్పుదురు, అది పొరపాటు. వేరుసెనగ నూనె సంగతి ఏడేండ్ల తరువాతిది.

ఇందుండి రైతు గ్రహింపవలసిన విషయమొకటి కలదు. 2003లో ప్రణాళికా సంఘమువారి కమిటీ బంజరు భూములలో జట్రోఫా యను అడవి ఆముదము వేయుమని సిఫారసు చేసెను. నీరు లేకయే విరగకాయునని నమ్మి పలుచోట్ల మొక్కలు నాటిరి. నీరును ఎరువును లేనిచోట ఆశించిన దిగుబడి రాలేదు. వేరుసెనగ గింజలో దాదాపు సగము నూనెయే యైనను, అది మొదట మనుష్యుల వంటకు కావలసినది. దాని పిండి పశువులకు మేత. ఇంధనమునకై తినుపంటను తగ్గించిన ఆకలికి ధర పెరుగును. గట్లమీదను, బాటల ప్రక్కను పెరుగు కానుగ వంటి చెట్ల గింజ తినుటకు పనికిరాదు. పూర్వము దీపములకు వాడిన నూనెయే అది. 2018లో ప్రకటించిన జాతీయ విధానమున ఇట్టి తినరాని నూనెలకును, వాడిన వంటనూనెకును ప్రోత్సాహము కలదు. అయినను ఎకరమునకు గింజ యెంత, కూలి యెంత, కొనువాడెవ్వడు అని లెక్క చూడక చేయు సాగు నష్టమునకే దారితీయును.

డీజిల్ జీవితము ఈ నీతినే రెండు విధముల బోధించుచున్నది. కొలిచి చూచి, మరల మరల పరీక్షించి నిర్మించిన ఆయన యంత్రము నూరేండ్లు దాటినను నిలిచియున్నది. లెక్క చూడక ఆశతో చేసిన ఆయన వ్యాపారము ఆయనను ముంచెను. పొలము యంత్రమునకు శక్తి నీయగలదను ఆయన విశ్వాసము సత్యమే. ఆ శక్తి రైతునకు లాభమగుట మాత్రము రైతు చదువును, లెక్కను, ఐకమత్యమును బట్టియుండును.