జీవకణపు తాళము నెఱిగిన ఆంధ్రుడు

కడప జిల్లాలో వేంపల్లె చెంతనున్న గండిని చూచినవారికి ఎంజైము చేయు పనిని తెలుపుట సులభము. అచ్చట పాపఘ్ని కొండ నెక్కి దిగదు. కొండల నడుమ తెగిన దారిలో సాగిపోవును. దేహములోని రసాయన చర్యలకును ఇట్టి కొండయే అడ్డము. పిండిపదార్థమును పరిశోధనశాలలో చక్కెరగా మార్చవలెనన్న ఆమ్లము పోసి కాచవలెను. నోటిలోని లాలాజలము ఒడలి వెచ్చదనముననే ఆ పని ప్రారంభించును. ఎంజైము కొండను తొలగింపదు, గండి చూపును, తాను తరుగదు, ఒక అణువును విడిచి మరియొకదానిని అందుకొనును. ఏ ఎంజైమునకు ఏ అణువో, అది తాళమునకు తాళపుచెవివలె అమరునని 1894లో జర్మను శాస్త్రజ్ఞుడు ఎమిల్ ఫిషర్ ఊహించెను. మరుసటి యేట జనవరి 12వ తేదీన భీమవరమున యల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించిరి.

ఆయన విద్యాభ్యాసము ఒడిదుడుకులతో సాగినది. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నమున గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు, గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహమునకు గురియైరి, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకొనవలసి వచ్చెను. ఇద్దరు సోదరులు కొలది దినముల వ్యవధిలో స్ప్రూ అను గ్రహణీరోగమునకు బలియైరి. తిన్నది ఒంటబట్టదు, రక్తము క్షీణించును. వైద్యము చదివినవాడు ఇంటిలోనే ఏమియు చేయజాలక నిలుచుట ఎంతటి వేదన!

1922లో మామగారును, ధర్మసంస్థలును ఇచ్చిన ధనముతో బోస్టను చేరిరి. భార్య శేషగిరిగారు ఇచ్చటనే యుండిరి. ఆయన మరల స్వదేశమునకు రాలేదు. పొట్టపోసికొనుటకు ఆసుపత్రిలో రాత్రివేళల చిల్లరపనులు చేసిరి.

హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కూడి, భాస్వరమును రంగునుబట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఆ కొలమానముతో కండరమును శోధింపగా 1927లో ఫాస్ఫోక్రియాటిను, 1929లో ఎ.టి.పి. బయటపడెను. అదే యేట జర్మనీలో కార్ల్ లోహ్మన్ కూడ ఎ.టి.పి.ని స్వతంత్రముగా కనుగొనెను. అంతవరకు కండరశక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమని పండితుల నమ్మకము. ఆ నమ్మకము చెదరెను. మన కణములలోని ఎంజైములు శక్తి కావలసినప్పుడెల్ల ఖర్చుచేయు నాణెము ఎ.టి.పి.యే. ఇంత చేసినను హార్వర్డు ఆయనకు స్థిరమైన కొలువు నీయలేదు. దీనిని తలచినపుడు మనసు చివుక్కుమనక మానదు.

1940లో ఆయన లెడర్లీ పరిశోధనాలయమున చేరిరి. అచ్చట ఆయన నడిపిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. స్ప్రూ రోగుల రక్తమును బాగుచేసినది ఆ మందే. సోదరులు పోయి ఇరువది యేండ్లు దాటినది.

కాని కథ ఇచ్చట మలుపు తిరిగెను. ఫోలిక్ ఆమ్లము లేనిదే కణము విభజన చెందలేదు. దానిని పనికివచ్చు రూపమునకు మార్చు ఎంజైము ఒకటి కలదు. ఫోలిక్ ఆమ్లపు అణువును ఇంచుక మార్చి ఆ బృందము చేసిన అమినోప్టెరిను, ఆ ఎంజైము తాళములో దూరును గాని తిరుగదు. ఇరుకుకొని నిలిచి అసలు చెవిని రానీయదు. వడివడిగా పెరుగు కణములే ముందుగా నశించును. రక్తపు కేన్సరుతో మరణమున కెదురుచూచు పిల్లలకు బోస్టనులో సిడ్నీ ఫార్బర్ ఈ మందు నిచ్చెను. 1948 జూనులో ప్రకటించిన 16 మందిలో 10 మందికి కొంతకాలము ఉపశమనము కలిగెను. వ్యాధి మరల తిరుగబెట్టినది నిజమే. అయినను అంతకుముందు ఆ వ్యాధి మందునకు లొంగి వెనుకకు తగ్గుట అపురూపము.

ఆగస్టులో, 53వ యేట, సుబ్బారావుగారు న్యూయార్కున కన్నుమూసిరి. ఆ మందు పట్టి బంధించు ఎంజైము ఏదో తేటపడుటకు మరి పదియేండ్లు పట్టెను. అమినోప్టెరినునకు తోబుట్టువైన మెథోట్రెక్సేటును నేటికిని మన ఆసుపత్రులలో కేన్సరునకును, కీళ్లవాతమునకును వాడుచున్నారు.