బసవేశ్వరులు – కల్యాణపు సభ

బసవేశ్వరుల మహిమలు ఎరుగనివారు ఈ పత్రిక చదువువారిలో ఉండరు. చిన్ననాడే తాతల ఒడిలో కూర్చుండి ఆ కథలు వినినవారమే మనమందరము. కావున వానిని మరల చెప్పుట నా ఉద్దేశము కాదు. 2003వ సంవత్సరమున ఢిల్లీలోని పార్లమెంటు ఆవరణమునందు నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాంగారు బసవేశ్వరుల విగ్రహమును ఆవిష్కరించిరి. అప్పటికి ముందును, ఆ తరువాతను, లోకమున మొదటి పార్లమెంటు అనుభవమంటపమే యను మాట మన వేదికలమీద తరచుగా వినబడుచున్నది. మాట అనుట తేలిక, చప్పట్లు కొట్టుట అంతకన్న తేలిక. ఆ సభలో ఎవరు కూర్చుండిరి, ఎట్లు మాటలాడుకొనిరి, జనులకు దానియందు నమ్మిక ఎట్లు కుదిరెను, తుదకది ఏల చెదరిపోయెను అని విచారించిన గాని ఆ మాటకు బరువు రాదు.

బసవేశ్వరులు 12వ శతాబ్దమువారు. నేటి విజయపుర జిల్లాలోని బాగేవాడి వారి జన్మస్థలము. తండ్రి మాదిరాజు, తల్లి మాదాంబ, అక్క నాగమ్మ. జనన సంవత్సరము 1105 అనువారును, 1131 అనువారును కలరు. ఆ తగవు పండితులకే విడుతము. వారు పురాణపురుషులే గాని చరిత్రపురుషులు కారని సందేహించువారికి 1260 నాటి అర్జునవాడ శాసనము సమాధానము చెప్పుచున్నది. అందు బాగేవాడి పేరును, మాదిరాజు పేరును, బసవని పేరును కలవు. ఉపనయనము చేయబూనిన తండ్రితో బాలుడు విభేదించి, ఆ సంస్కారము తనకు వలదని ఇల్లు విడిచెను. అక్క నాగమ్మయు తమ్మునితోనే నడచెను. కృష్ణా మలప్రభలు కలిసికొను కూడలసంగమమున వారి విద్యాభ్యాసము సాగినది. పుట్టుకచేత వచ్చిన పెద్దరికమును విడిచినవాడే పిమ్మట పుట్టుక నడుగని సభను తీర్చెనని గమనింపవలెను.

కలచురి వంశజుడగు బిజ్జలుడు మొదట చాళుక్యులకు సామంతుడు, మంగళవాడ నేలినవాడు. 1157 ప్రాంతమున చాళుక్యులను త్రోసి తానే కల్యాణమునకు ప్రభువయ్యెను. అతని మంత్రియగు బలదేవ దండనాయకుడు తన కుమార్తె గంగాంబను బసవేశ్వరులకిచ్చి వివాహము చేసెను. బలదేవుని తరువాత ఆ పదవియు, దానితో భాండాగారపు భారమును బసవేశ్వరులకు వచ్చినవి. అనగా రాజ్యపు తాళపుచెవులు వారి చేతిలో నుండెను. చేతిలో ధనమున్నవానిమీద నిందలు రాకపోవుట అరుదు. ప్రభుధనమును జంగములకు పంచిపెట్టుచున్నాడని కొందరు రాజు చెవిని వేసిరి.

అప్పుడు బసవేశ్వరులు చేసిన పని పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కలదు. వారు కోపింపలేదు, చాడీలు చెప్పినవారెవరని వెదకలేదు. రాజును, నింద మోపినవారిని ఎదుట కూర్చుండబెట్టి, పెట్టెలు తెరపించి, లెక్కింపుడని చెప్పిరి. లెక్కలో ఒక మాడయైనను తక్కువ కాలేదు. పురాణము దీనిని శివుని మహిమగా చెప్పినది, భక్తులమగు మనము అట్లే నమ్ముదుము. అయినను ఆ మహిమకు ముందు జరిగినదానిని చూడవలెను. లెక్క చూపుడని రాజడిగినంతనే, పదిమంది కన్నుల ముందర, అడిగినవాని కసితీర, లెక్క చూపిరి. ఈ గుణము లేనివాడు ఎన్ని సభలు కూర్చినను జనులు నమ్మరు.

ఇక సభ సంగతి. అనుభవమంటపమను పేరుగల కట్టడము ఆ కాలమున నుండెనా యని కొందరు చరిత్రకారులు సందేహించుచున్నారు. ఆ గోష్ఠిని విస్తరించి వర్ణించు శూన్యసంపాదనము 15వ శతాబ్దమున కూర్చబడిన గ్రంథమగుటయే ఆ సందేహమునకు కారణము. ఈ సందేహము విని మనము ఉలికిపడ నవసరము లేదు. రాళ్లతో కట్టినది మంటపమా, బసవేశ్వరుల మహామనెలోని చావడియే మంటపమా యన్నది వేరు ప్రశ్న. శరణులు ఒకచోట కూడి ఒకరినొకరు ప్రశ్నించుకొనిరనుటకు వారి వచనములే సాక్ష్యము. ఒకరి వచనమున మరియొకరి పేరు, ఒకరి మాటకు మరియొకరి జవాబు, వానిలో అడుగడుగున కనబడుచుండును.

అందు కూర్చుండినవారెవరు? మడివాళ మాచయ్య బట్టలుతుకువాడు. అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు. నులియ చందయ్య త్రాళ్లు పేనువాడు. మోళిగె మారయ్య కట్టెలమోపు మోయువాడు. డోహర కక్కయ్య తోళ్లు పదును చేయువాడు. హడపద అప్పణ్ణ బసవేశ్వరులకు తాంబూలపు సంచి పట్టినవాడు. సత్యక్క వీథి ఊడ్చునది. వచనములు చెప్పిన స్త్రీలే ముప్పదిమందికి పైగా నుండిరి. పేరుకు ముందు కాయకమే తప్ప కులము చెప్పుకొను అలవాటు వారిలో లేదు. పని చేయనివానికి ఆ గోష్ఠిలో ఆసనము లేదు; పని చేయువాడు ఏ పని చేసినను ఆసనమున్నది. రాజసభలలో శాస్త్రము సంస్కృతమున నడుచు కాలమున, ఈ గోష్ఠి అంతయు పడవవానికి తెలియు కన్నడమున నడచినది. భాష తెలియనివాడు సభలో కూర్చుండినను బయట నున్నట్లేగదా!

ఆ సభకు పెద్దపీఠము శూన్యసింహాసనము. దానిమీద బసవేశ్వరులు కూర్చుండలేదు. కూడిన ఇల్లు వారిది, అన్నము వారిది, అధికారమును వారిదే. అయినను పీఠము అల్లమప్రభువునకిచ్చిరి. అల్లముడు బళ్లిగావివాడు, గుడిలో మద్దెల వాయించినవాడు, ఊరూర తిరుగు విరాగి. రాజుతో పనిలేదు, బసవనితోనైనను మొగమాటము లేదు. మంత్రియే సభాపతియైనచో పడవ నడుపువాడు నోరు తెరచునా? ఈ ఒక్క ఏర్పాటులో బసవేశ్వరుల దూరదృష్టి అంతయు కలదని నా యభిప్రాయము.

మొగమాటము లేదనుటకు శూన్యసంపాదనములోని ఒక ఘట్టము చాలును. అల్లమప్రభువు సొన్నలిగె సిద్ధరామయ్యను వెంటబెట్టుకొని కల్యాణమునకు వచ్చి మహామనె వాకిట నిలిచెను. బసవేశ్వరులు లోపల లింగపూజలో నుండిరి. లేచి రాక, లోనికి పిలుచుకొని రమ్మని అప్పణ్ణను పంపిరి. అల్లముడు కదలలేదు. వచ్చినవాడు వాకిటనుండగా, రావలసినవాడు రాక మనుష్యుని పంపుటయా యని ఆయన భావము. అప్పుడు చెన్నబసవన్న నోరు విప్పెను. వయస్సున చిన్నవాడు, సోదరి కుమారుడు. మేనమామ రాజ్యమునకు దండనాయకుడు. అయినను జంగముడు గడప వెలుపల నిలువగా లోపల చేయు పూజ పూజ కాదని మామకు మొగముమీదనే చెప్పెను. బసవేశ్వరులు పూజనుండి లేచి వచ్చి, తప్పు తనదని ఒప్పుకొని, పాదములమీద పడిరి. ఇదంతయు పదిమంది చూచుచుండగా జరిగినది. దానిని దాచుట అవమానమని శరణులు తలపలేదు. గ్రంథమున వ్రాసి మనకు మిగిల్చిరి.

అక్కమహాదేవి వచ్చిననాడును అంతే. ఉడుతడినుండి భర్తను, వస్త్రమును విడిచి, కేశములే వలువగా వచ్చిన యువతిని అల్లముడు కఠినమైన ప్రశ్నలతో నిలువరించెను. భర్త ఎవరని అడిగెను, దేహభావము విడిచినదానికి కేశముల మరుగేల యని అడిగెను. ఆమె తన పక్షమున తానే మాటలాడి, ఒక్కొక్క ప్రశ్నకును జవాబు చెప్పినది. పిమ్మట ఆ సభయే ఆమెను అక్కయని పిలిచినది. స్త్రీగదాయని ప్రశ్నలు తగ్గింపలేదు, స్త్రీయేగదాయని జవాబు వినక పోలేదు.

అయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ నాకు వీనియన్నింటికన్న ప్రియమైనది. మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడాతడు ఎప్పటికన్న ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. నేటి దాసోహమునకు చాలినంతకన్న ఎక్కువ తెచ్చుట ఆశయే యనియు, మిగిలినది తెచ్చినచోటనే పోసి రమ్మనియు భర్తను వెనుకకు పంపినది. ఆ బియ్యము ఎవరి ముంగిటిది? దండనాయకునిది. ఎవరును అడుగని లెక్కను గింజలేరుకొను ఇల్లాలు తనంతట తాను అడిగినది. పెట్టెలు తెరచి చూపిన మంత్రియు, పిడికెడు గింజలు తిరిగి పంపిన పేదరాలును ఒకే సభవారగుటచేతనే దానికి నమ్మిక కుదిరినది.

నేటి కాలమున ఇట్టి ప్రయత్నములు లేకపోలేదు. 2016లో ఐర్లండు దేశమున 99 మంది సామాన్య పౌరులను యాదృచ్ఛికముగా ఎంచి, ఒక న్యాయమూర్తి అధ్యక్షతన కూర్చుండబెట్టి, రాజకీయపక్షములు ముట్టుటకు జంకిన ప్రశ్నలను వారిచే చర్చింపజేసిరి. వారి సిఫారసును అనుసరించి 2018లో అచట ప్రజాభిప్రాయ సేకరణము జరిగెను. మన దేశమున 73వ రాజ్యాంగ సవరణము 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చి, గ్రామసభకు రాజ్యాంగమున చోటిచ్చినది; ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివ్యక్తియు అందు సభ్యుడే. కల్యాణపు గోష్ఠి వీనివంటిది కాదు. అందు ఎన్నిక లేదు, చీటీలు లేవు, చేతులెత్తి లెక్కించుట లేదు. అది పన్నులను గూర్చియు చట్టములను గూర్చియు తీర్మానించిన సభయును కాదు. దానిని పార్లమెంటనుటకన్న, ఎవనినైన ఎవడైనను ప్రశ్నింపగల చావడియనుట సత్యమునకు దగ్గర. నేను చూచిన గ్రామసభలలో కొన్నింట పుస్తకము ఇంటింటికి పోయి సంతకములు తెచ్చుకొనును, మనుష్యులు మాత్రము రారు. అట్టిచోట రాజ్యాంగమిచ్చిన చోటున్నది, చావడి లేదు. కల్యాణమున చావడియుండెను, దానికి రాజ్యమున చోటు లేకపోయెను. ఆ లోపమే తుదకు దానిని కూల్చినది.

హరళయ్య చర్మకారుడు. మధువరసు పుట్టుకచే బ్రాహ్మణుడు. ఇరువురును శరణులు. హరళయ్య కుమారునికి మధువరసు కుమార్తెనిచ్చి వివాహము చేసిరనియు, శరణులు దానిని ఆమోదించిరనియు కన్నడనాటి సంప్రదాయము. లోపల అందరికిని సమ్మతమైన ఆ పని, చావడి వెలుపల నున్న కల్యాణమునకు సమ్మతము కాలేదు. వర్ణధర్మము చెడినదని పెద్దలు రాజునొద్ద మొరపెట్టిరి. బిజ్జలుడు ఆ సభవారిని పిలిచి వినలేదు. వినవలెనను కట్టు అతనికి లేదు. హరళయ్యను, మధువరసును ఏనుగు కాళ్లకు కట్టి ఈడ్పించెనని చెప్పుదురు. మన సోమనాథుడు వారిరువురి కన్నులు తీయించిన సంగతి చెప్పెనే గాని పెండ్లిమాట ఎత్తలేదు. కథలలో భేదమున్నను ఒక సంగతి రెండింటను సమానము: ఆ సభలో మాటకు మాట బదులు వచ్చెడిది, రాజునొద్దనుండి మాటకు దండము వచ్చినది.

శరణులలో కొందరికి రక్తము ఉడికెను. బసవేశ్వరులు కత్తికి కత్తి బదులనుదానికి ఒప్పుకొనలేదని కన్నడ సంప్రదాయము. పదవి విడిచి, కల్యాణము విడిచి, బాల్యమున చదివిన కూడలసంగమమునకే తిరిగి పోయిరి. వారు వెడలిన పిమ్మట 1167 ప్రాంతమున బిజ్జలుడు హతుడయ్యెను. చంపినవాడు జగదేవుడని బసవపురాణము చెప్పుచున్నది. రాజసైన్యము శరణులమీద పడెను. చెన్నబసవన్న కొందరిని వెంటబెట్టుకొని పడమటి అడవులలోని ఉళవికి చేరెను. వారు మోసికొనిపోయిన వచనముల కట్టలే మనకు మిగిలిన మూలధనమని మఠములలో చెప్పుకొందురు. బసవేశ్వరులు సంగమముననే లింగైక్యమందిరి.

కల్యాణము నేడు బీదరు జిల్లాలో బసవకల్యాణమను పట్టణము; 1948 వరకు నిజాము ఏలుబడిలో నుండినది. 2021 జనవరిలో అచట నూతన అనుభవమంటపమునకు శంకుస్థాపనము జరిగినది.

ఆ దినములలోనే తెలుగునాట మల్లికార్జున పండితారాధ్యులు బసవేశ్వరుల కీర్తి విని, వారిని కన్నులార చూడవలెనని శిష్యులతో కల్యాణమునకు బయలుదేరిరి. ఆచారవిషయమున ఇరువురికిని భేదమున్నది. పండితారాధ్యులు బ్రాహ్మణ్యమును విడువనివారు, బసవేశ్వరులు విడిచినవారు. అయినను కలిసి మాటలాడవలెనను కోరిక వారిని నడిపించినది. దారిలోనే బసవేశ్వరులు సంగమమున లింగైక్యమందిరను వార్త వారికెదురైనది. పండితారాధ్యులు మిక్కిలి దుఃఖించిరి. కల్యాణమునకు పోవు త్రోవ విడిచి, శ్రీశైలమువైపు మరలిరి. ఈ సంగతిని పండితారాధ్యచరిత్రమున వ్రాసినవాడును ఆ సోమనాథుడే.