ఇసుకలో అక్షరములు దిద్దిన గురువు

1682లో జర్మనీలోని పుల్స్‌నిట్జ్ అను చిన్న పట్టణమున జన్మించిన బర్తొలొమేయు సీగెన్‌బాల్గ్, హాలే పట్టణమున విద్యనభ్యసించి, డెన్మార్కు రాజైన నాలుగవ ఫ్రెడరిక్ పంపగా 1706 జూలై 9వ తేదీన తన సహచరుడగు ప్లూచావుతో కూడ తరంగంబాడి తీరమున దిగెను. భారతదేశమునకు వచ్చిన మొదటి ప్రొటెస్టెంటు మిషనరీలుగా చరిత్ర వీరిరువురిని ఎంచుచున్నది.

ఆ రేవు పట్టణమున పలుజాతులవారు కాపురముండిరి. కోటలో డేనిష్ భాష, వీధులలో తమిళము, ఐరోపావారి కొలువు చేయువారి యిండ్లలో పోర్చుగీసు. బోధింపవచ్చిన వానికి తమిళములో ఒక్క అక్షరమైనను రాదు. అంతట ఆయన వృద్ధుడైన ఒక తమిళ పంతులును బడిపిల్లలతో సహా తన బసకే రప్పించుకొని, ఆ పసివారితో నేలపై కూర్చుండి వ్రేలితో ఇసుకలో అక్షరములు దిద్దెను. అప్పుడాయనకు ఇరువది నాలుగేండ్లు. హాలేలో చదివిన వానికి అది చిన్నతనముగా తోచియుండవలెను; ఆయనకు తోచలేదు.

1708 నాటికి నూటపందొమ్మిది తమిళ గ్రంథముల పట్టికను వివరములతో వ్రాసెను. మూడు తమిళ నీతిగ్రంథములను జర్మను భాషలోనికి తెచ్చెను. పిల్లవాడు ఏ యింటినుండి, ఏ మాటలు వినుచు బడికి వచ్చుచున్నాడో ఎరుగని పంతులు ఏమి నేర్పగలడు? ఆయన స్థాపించిన బడులలో తమిళ పిల్లలకు తమిళమునను, పోర్చుగీసు మాటలాడు వారికి ఆ భాషయందును బోధ జరిగెను. బాలికలకును బడి యేర్పడెను.

ఈ శ్రమకు తగిన మన్నన లభింపలేదు. స్థానిక కమాండెంటుతో కలిగిన వివాదమువలన నాలుగు మాసములు చెరయందుండెను. దక్షిణదేశ దేవతలనుగూర్చి 1713లో తాను వ్రాసిన గ్రంథమును హాలేకు పంపగా, తన గురువైన ఫ్రాంకేయే దానిని అచ్చువేయ నొల్లకపోయెను. అది 1867లోగాని మద్రాసున వెలుగు చూడలేదు.

అయినను 1716లో ఐరోపానుండి తిరిగివచ్చిన వెంటనే, ఈ దేశపు యౌవనులను ఉపాధ్యాయులుగాను ఉపదేశకులుగాను సిద్ధపరచు పాఠశాలను ఆయన తెరచెను. పరదేశి యెంత నేర్చినను పరదేశియే. పిల్లలకు వారి స్వజనులే గురువులు కావలెను. కోపెన్‌హాగెన్‌లోని మిషను కార్యదర్శి వెంట్‌కు మాత్రము బడులకును కట్టడములకును వ్యయము చేయుట రుచింపలేదు. ఆయన వ్రాసిన కఠినమైన లేఖలు రోగపీడితుడైన సీగెన్‌బాల్గ్‌ను మిక్కిలి క్రుంగదీసెను. 1719 ఫిబ్రవరి 23న, ముప్పదియారేండ్లకే ఆయన కన్నుమూసెను.

ఆ యేడే తరంగంబాడికి వచ్చిన బెంజమిన్ షుల్జ్ తరువాత మద్రాసు చేరి, తెలుగు నేర్చి, బైబిలును మన భాషలోనికి అనువదించెను. 1718లో సీగెన్‌బాల్గ్ చేత బాప్తిస్మము పొందిన ఆరోను 1733లో పాదిరిగా అభిషేకము పొందెను.