మద్రాసు ఆకాశంలో ఆసియాను కనుగొన్న పాగ్సన్

భారతదేశం నుంచే కాదు, ఆసియా ఖండం నుంచే తొలిసారిగా ఒక గ్రహశకలాన్ని కనుగొన్న ఘనత మద్రాసు నక్షత్రశాలకు దక్కింది. 1861 ఏప్రిల్ 17న ఆ శకలాన్ని గుర్తించిన ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ రాబర్ట్ పాగ్సన్. తెలుగు నేలతోనూ ఆయనకు చిరస్మరణీయమైన అనుబంధం ఉంది.

పాగ్సన్ 1829 మార్చి 23న ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో జన్మించారు. ఆక్స్‌ఫర్డ్‌లోని రాడ్‌క్లిఫ్ నక్షత్రశాలలో పనిచేస్తూ 1856, 1857 సంవత్సరాలలో మూడు గ్రహశకలాలను కనుగొన్నారు. వాటిలో మొదటిదైన ఐసిస్ పేరు ఆయన కుమార్తె పేరు కూడా. నక్షత్రాల కాంతికి కచ్చితమైన కొలమానాన్ని 1856లోనే ప్రతిపాదించారు. ఒక తరగతికీ తర్వాతి తరగతికీ మధ్య కాంతి సుమారు 2.512 రెట్లు మారుతుందనీ, ఐదు తరగతుల తేడా అంటే సరిగ్గా వంద రెట్లనీ ఆయన నిర్ధారించారు. ప్రపంచమంతటా ఖగోళ శాస్త్రవేత్తలు నేటికీ ఆ కొలమానాన్నే వాడుతున్నారు.

1861 ఆరంభంలో మద్రాసు నక్షత్రశాల బాధ్యతలు స్వీకరించిన పాగ్సన్‌కు కొద్ది నెలలకే విజయం లభించింది. గ్రహశకలాల అన్వేషణలో ఛాయాచిత్రాలు ఇంకా వాడుకలోకి రాని కాలమది. నక్షత్రపటాన్ని ఎదుట పెట్టుకొని, దూరదర్శినిలో కనిపించే ప్రతి చుక్కనూ దానితో సరిపోల్చాలి. పటంలో లేని చుక్క కనిపిస్తే, అది స్థానం మారుతున్నదా లేదా అని వరుస రాత్రులు గమనించాలి. కదిలితేనే అది నక్షత్రం కాదని తేలుతుంది. భిన్న రాత్రులలో నమోదైన స్థానాల ఆధారంగా దాని కక్ష్యను గణిస్తారు.

అలా చిక్కిన శకలానికి ఆయన ఆసియా అని పేరు పెట్టారు. అది గ్రీకు పురాణాలలోని ఒక దేవత పేరు. ఈ ఖండం నుంచి కనుగొన్న తొలి శకలమన్న గుర్తింపు కూడా అందులో ఇమిడి ఉంది. క్రమసంఖ్య 67 గల ఈ శకలం అంగారక, బృహస్పతి గ్రహాల మధ్య వలయంలో తిరుగుతోంది. సూర్యుడి నుంచి దాని సగటు దూరం సుమారు 36 కోట్ల కిలోమీటర్లు. ఒక ప్రదక్షిణకు దాదాపు మూడేళ్ల తొమ్మిది నెలలు పడుతుంది. కక్ష్య కోలగా ఉండడంతో సూర్యుడికి సుమారు 29 కోట్ల కిలోమీటర్ల దాకా చేరువై, 43 కోట్ల కిలోమీటర్ల దాకా దూరమవుతుంది.

అనంతరం మద్రాసు నుంచే సాఫో, సిల్వియా, కెమిల్లా, వెరా శకలాలను ఆయన కనుగొన్నారు. సిల్వియాకు రెండు ఉపగ్రహాలు ఉన్నట్లు 2005 నాటికి వెల్లడైంది. రెండు ఉపగ్రహాలున్న గ్రహశకలం బయటపడటం అదే మొదటిసారి.

1868 ఆగస్టు 18న తెలుగు ప్రాంతాలలో సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించింది. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులోనూ, పాగ్సన్ మచిలీపట్నంలోనూ పరిశీలనలు జరిపారు. పాగ్సన్ సహాయకుడు చింతామణి రఘునాథాచారి వనపర్తికి వెళ్లారు. సూర్యుడి అంచున కనిపించిన జ్వాలల వర్ణపటంలోని పసుపు రేఖ, సోడియం రేఖకు దగ్గరగా ఉన్నా దానితో ఏకీభవించడం లేదని పాగ్సన్ గమనించారు. అది హీలియం జాడ. అయితే ఆ వివరాలున్న నివేదిక మద్రాసులో ముద్రితమై, ఐరోపా పండితులకు అంతగా చేరలేదు. హీలియం ఆవిష్కర్తలుగా చరిత్ర జాన్సెన్, లాకియర్ పేర్లనే ప్రధానంగా స్మరిస్తోంది. భూమిపై ఆ మూలకం ఉనికి 1895లో రుజువయ్యేనాటికి పాగ్సన్ జీవించి లేరు.

తండ్రి శ్రమలో కుమార్తె ఐసిస్ కూడా పాలుపంచుకున్నారు. 1873లో ఆమె నక్షత్రశాలలో సహాయకురాలిగా చేరారు. 1886లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యత్వానికి ఆమె పేరును ప్రతిపాదించినా, మహిళ అయినందున అవకాశం దక్కలేదు. ఆ గౌరవం 1920లో లభించింది.

మూడు దశాబ్దాల సేవ అనంతరం పాగ్సన్ 1891 జూన్‌లో మద్రాసులోనే కన్నుమూశారు. ఆయన నమోదు చేసిన వేలాది నక్షత్రాల స్థానాలు మరణానంతరమే పట్టికగా వెలువడ్డాయి. స్విట్జర్లాండ్‌లోని జిమ్మర్‌వాల్డ్ నుంచి 1968లో కనుగొన్న 1830వ గ్రహశకలానికి శాస్త్రలోకం పాగ్సన్ పేరు పెట్టింది. అది దొరికిన తేదీ కూడా ఏప్రిల్ 17 కావడం విశేషం. ఆసియా తిరిగే వలయంలోనే, సూర్యుడికి మరికొంత చేరువగా, ఆయన పేరిటి శకలం నేటికీ పరిభ్రమిస్తోంది.