నైన్ సింగ్ లాసా యాత్ర

హిమాలయ పర్వతముల నడుమ, కుమావూను సీమయందు, జోహారు అను లోయ కలదు. ఆ లోయ యెగువన, హిమానీనదమునకు చేరువగా మిలం అను గ్రామమున్నది. ఇప్పుడది ఉత్తరాఖండ రాష్ట్రములోని పిథౌరాగఢ్ జిల్లాలో చేరినది. శీతకాలమున ఆ గ్రామమంతయు మంచుతో కప్పబడును గనుక అచటి భోటియా జనులు గొఱ్ఱెలను తోలుకొని దిగువ పల్లెలకు వలసపోయెడివారు. వేసవిలో మరల వచ్చి, కనుమలు దాటి టిబెట్టునకు పోయి, ధాన్యమును బట్టలను ఇచ్చి ఉప్పు, ఉన్ని, టంకణము తెచ్చుకొనెడివారు. బండి నడచు బాట ఆ కొండలలో లేదు. గొఱ్ఱె నడచినదే బాట.

ఈ గ్రామమునకు చెందిన అమర్ సింగ్ అను నతనికి 1830వ సంవత్సరమున నైన్ సింగ్ రావత్ జన్మించెను. బాల్యమున తండ్రితో కలిసి టిబెట్టు సంతలకు పోవుటచే ఆ దేశపు భాషయు, ఆచారములును అతనికి సహజముగనే అలవడినవి. 1855 మొదలు 1857 వఱకు ష్లాగింట్‌వైట్ సోదరులను జర్మను శాస్త్రజ్ఞులతో తిరిగి, కొలత పరికరములను వాడు విధమును కొంత నేర్చుకొనెను. పిమ్మట మిలం గ్రామ పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. పిల్లలకు చదువు చెప్పినందుననే తరువాత సర్వే శాఖవారు అతనిని పండితుడని పిలిచిరి.

ఆ కాలమున భారతదేశపు భూమినంతటిని కొలుచు మహాకార్యము సాగుచుండెను. సర్వే శాఖవారు హిమాలయ శిఖరములను దూరమునుండియే చూచి వాని యెత్తులను నిర్ణయించిరి. అయితే ఆ శిఖరముల కావల నున్న టిబెట్టు పటములో తెల్లని కాగితముగనే మిగిలియుండెను. లాసా నగరమే అక్షాంశముపై నున్నదో, ఎంత యెత్తున నున్నదో సరిగా తెలియదు. సాంగ్‌పో నది బ్రహ్మపుత్రయేనా, లేక మఱియొక నదియా అను వివాదము తీరలేదు. పరదేశీయులను, ముఖ్యముగా ఐరోపావారిని, టిబెట్టు ప్రభువులు తమ దేశములో అడుగిడనిచ్చెడివారు కారు. వారి భయము నిరాధారము కాదనియు చెప్పవలెను. పటము ముందు వచ్చును, సైన్యము వెనుక వచ్చును. 1904లో ఆంగ్ల సైన్యము లాసా ప్రవేశించుట చూడగా ఆ జాగ్రత్తకు కారణము లేకపోలేదని తోచును.

తెల్లవారు పోలేనిచోటికి, వర్తకము కొఱకు నిత్యము వచ్చుచు పోవుచుండు కొండజాతివారు పోగలరు గదా యని సర్వే శాఖలోని కెప్టెన్ మాంట్‌గోమరీకి తోచెను. అప్పుడు కుమావూనులో విద్యాధికారిగా నుండిన ఎడ్మండ్ స్మిత్ సలహాపై 1863లో నైన్ సింగును, అతని బంధువగు మణి సింగును డెహరాడూనునకు పిలిపించిరి. అచట సుమారు రెండు సంవత్సరములు వారికి శిక్షణము జరిగెను.

ఆ శిక్షణములో మొదటి పాఠము నడక. కొండ యెక్కినను దిగినను, చదునునేలపై నడచినను అడుగు పొడవు మారకుండవలెను. రెండువేల అడుగులకు ఒక మైలగునట్లు నైన్ సింగ్ తన నడకను దిద్దుకొనెను. వినుటకు ఇది సులభముగనే తోచును. ఒక్క మైలు దూరము అడుగులు లెక్కించుచు నడచి చూచినవారికి మాత్రము, నడుమ నెవ్వరైన పలుకరించిన లెక్క యెట్లు చెదరునో తెలియును. అందులకై ఒక యుక్తి పన్నిరి. బౌద్ధుల జపమాలలో 108 పూసలుండును. నైన్ సింగ్ మాలలో నూఱు మాత్రమే యుంచిరి. నూఱు అడుగులైనంతనే ఒక పూస జరుపును. ప్రతి పదవ పూస మిగిలినవానికంటె కొంచెము పెద్దది గనుక చీకటిలోను వేయి అడుగులైనట్లు వ్రేలికి తెలియును. మాల యంతయు తిరిగివచ్చునప్పటికి పదివేల అడుగులు, అనగా ఐదు మైళ్లు నడచినట్లు.

టిబెట్టు బాటసారులు చేత ధరించు ప్రార్థనాచక్రము రెండవ సాధనమయ్యెను. అందు మంత్రములు వ్రాసిన కాగితపు చుట్టకు బదులు తెల్లకాగితముల నుంచిరి. దూరములను, దిక్కులను వానిపై వ్రాసి లోపల దాచవచ్చును. ఎవ్వరైన చేరవచ్చినచో నైన్ సింగ్ చక్రమును త్రిప్పుచు పెదవులు కదల్చును. ప్రార్థనలో నున్న వానిని పలుకరించుట ఆ దేశమున మర్యాద కాదు. లెక్క తప్పకుండుటకును, రహస్యము బయటపడకుండుటకును ఈ ఒక్క ఉపాయమే చాలెను.

నక్షత్రముల యెత్తును సెక్స్‌టెంటుతో కొలుచుటకు చదునైన పాదరసపు తలము కావలెను. ఆ పాదరసమును గవ్వలలో పోసి మూతులు మూసి తీసికొనిపోయెను. రాత్రివేళ దానిని కొయ్యగిన్నెలో పోసి, అందు కనబడు నక్షత్రపు నీడను చూచి కొలతలు తీసికొనెడివాడు. ఎత్తు తెలిసికొనుటకు నీటిని కాచిన చాలును. పైకి పోయినకొలది నీరు తక్కువ వేడిమికే మరగును. అందులకు కావలసిన ఉష్ణమాపకమును చేతికఱ్ఱలో దాచిరి. పెద్ద పరికరములకు పెట్టె యడుగున రహస్యపు అర లమర్చిరి.

1865 జనవరిలో బంధువులిద్దఱును బయలుదేరి మార్చి నెలలో ఖాట్మండు చేరిరి. గుఱ్ఱములు కొనుటకును, యాత్ర చేయుటకును పోవుచున్న బషాహరు సీమవారమని చెప్పి కిరోంగు మార్గమున టిబెట్టు ప్రవేశింపబోయిరి. అచటి అధికారులు వారి మూటలను విప్పించి వెదకిరి. పరికరములు కనబడలేదు గాని అనుమానము తీరక వెనుకకు పంపివేసిరి. మణి సింగ్ అంతటితో లాసా తలంపు విడిచెను. నైన్ సింగ్ మాత్రము జడ తగిలించుకొని లడాఖు వర్తకుని వేషము ధరించి, తాను లాసాకు పోనని ప్రాణము పణముగా మాట యిచ్చి, వేఱు మార్గమున సరిహద్దు దాటెను. ట్రాదోము చేరి, లాసాకు పోవుచున్న లడాఖు వర్తకుల బిడారుతో కలిసికొనెను.

అక్టోబరు చివర బిడారు షిగాట్సే చేరెను. అచటి తాషిలుంపో మఠమున వర్తకులందఱు పాంచెన్ లామా దర్శనమునకు పోవలసివచ్చెను. లామా మనుష్యుల హృదయములలోని రహస్యములను గ్రహింపగలడని ప్రతీతి. నైన్ సింగ్ వణకుచునే లోనికి పోయెను. గద్దెపై పదేండ్లు దాటిన బాలుడు కూర్చుండియుండెను. ఆ బాలుడు అందఱిని అడుగునట్లే రాజు క్షేమమును, దేశక్షేమమును, అతని ఆరోగ్యమును అడిగి పంపివేసెను.

1866 జనవరి 10న అతడు లాసా ప్రవేశించెను. చేత నున్న ధనము నిండుకొనగా నేపాళ వర్తకులకు లెక్కలు వ్రాయు పద్ధతి నేర్పి కడుపు నింపుకొనెను. పాతవృత్తి పరదేశమున అక్కఱకు వచ్చినది! రాత్రులందు బస కిటికీనుండి నక్షత్రములను కొలుచుచుండెను. ఇంతలో ఇద్దఱు కాశ్మీరు మహమ్మదీయులు అతని వేషమును గుర్తించి నిజము చెప్పించిరి. వారు రహస్యమును కాపాడుటయే గాక, గడియారమును కుదువబెట్టుకొని అప్పుగూడ నిచ్చిరి. అనుమతి లేక లాసాకు వచ్చిన చైనీయు డొకడు జనుల యెదుట శిరచ్ఛేదము పొందుటను నైన్ సింగ్ కన్నులార చూచెను. మఱియొకనాడు వీథిలో కిరోంగు అధికారియే కనబడెను. తాను ఎవ్వనికి మాట యిచ్చెనో అతడే! నాటినుండి నైన్ సింగ్ బస మార్చి, బయటికి వచ్చుట తగ్గించెను.

ఏప్రిలు 21న బిడారుతో మరలి, సాంగ్‌పో నది తీరము వెంబడి పశ్చిమముగా నడచి, మానససరోవర ప్రాంతమును దాటి, అక్టోబరు 27న డెహరాడూను చేరెను. సుమారు 1,200 మైళ్లు కొలిచెను. అతని అడుగుల లెక్క ఇరువదియైదు లక్షల వఱకు వచ్చెను. 31 చోట్ల అక్షాంశములను నిర్ణయించెను. లాసా నగరపు స్థానము పటముపై నిలిచెను.

మరుసటి సంవత్సరము థోక్ జలుంగు బంగారు గనుల ప్రాంతమును చూచివచ్చెను. కడపటి మహాయాత్ర 1874 జూలైలో లేహు నగరమున ప్రారంభమయ్యెను. ఈసారి లామా వేషము. సామగ్రి మోయుటకు గుఱ్ఱములు గాక ఇరువదియాఱు గొఱ్ఱెలను తీసికొనెను. వానికి మేత మోయనక్కఱలేదు, బాట ప్రక్క దొరకినదే చాలును. మిలం గ్రామపు పిల్లవానికి గాని ఇట్టి యాలోచన తట్టదు. వేయిమైళ్ల ప్రయాణమున వానిలో నాలుగైదు మాత్రమే మిగిలినవి. నవంబరులో లాసా చేరినంతనే లేహు వర్తకు డొకడు అతనిని గుర్తుపట్టెను. నైన్ సింగ్ రెండు దినములే యచట నుండి, అంతవఱకు వ్రాసిన కాగితములను ఇద్దఱు సేవకులచేత లేహునకు పంపెను. తాను పట్టువడినను కొలతలు దక్కవలెనని అతని యూహ. అటుపిమ్మట తవాంగు మీదుగా దక్షిణమునకు నడచి 1875 మార్చి 1న అస్సాములోని ఉదల్‌గురి చేరెను.

ఈ యాత్రతో అతని యారోగ్యము చెడెను, చూపు మందగించెను. 1877లో లండనులోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ స్వర్ణపతకము నొసగెను. ప్రభుత్వము ఒక గ్రామమును బహుమానముగా నిచ్చెను. కొండలపైకి మరల పోలేని నైన్ సింగ్ తరువాతి యన్వేషకులకు గురువయ్యెను. అడుగు సమముగా వేయుటయు, పూస జరుపుటయు, పాదరసములో నక్షత్రమును పట్టుటయు ఆ యువకులు అతనియొద్దనే నేర్చుకొని, ఒక్కొక్కరుగా ఉత్తరపు కనుమలవైపు బయలుదేరిరి.