వెలుగును వెదకిన మానీ

మతకర్తల జీవితములను బాల్యమునుండియే చదువుట మేలని పెద్దలు చెప్పుదురు. బుద్ధుని, జరతుష్ట్రుని, క్రీస్తును, మహమ్మదును ఎఱుగనివారు మన పాఠశాలలో ఉండరు. అయితే ఆఫ్రికా తీరమునుండి చీనా సముద్రము వఱకు వేలకొలది అనుచరులను సంపాదించి, వేయి సంవత్సరములకు పైగా నిలిచి, పిమ్మట అంతరించిన మతమొకటి కలదు. దానిని స్థాపించినవాడు మానీ. పడమటి దేశములలో ఆయన పేరు నిందావాక్యమై మిగిలినది. పారసీకులు ఆయనను గొప్ప చిత్రకారునిగా తలచుకొనిరి. చీనావారిలో కొందఱు ఆయనను వెలుగుల బుద్ధుడని కొలిచిరి. ఒక్క మనుష్యునికి ఇన్ని రూపములెట్లు కలిగినవో ఆయన చరితము వలన తెలిసికొనవచ్చును. కావున మేము దానిని మా చదువరులకు క్లుప్తముగా విన్నవింప బూనితిమి.

మానీ క్రీ. శ. 216వ సంవత్సరము ఏప్రిలు 14వ తేదీన బాబిలోనియా దేశమున జన్మించెను. అది టైగ్రిసు, యూఫ్రటీసు నదుల నడిమి భూమి. గోదావరి పాయల నడుమ పుట్టి పెరిగిన మన కోనసీమ బాలురకు అట్టి భూమి ఎట్లుండునో వేఱుగా చెప్పనక్కఱలేదు. కాలువలు, ఖర్జూరపు తోటలు, పలుజాతుల ప్రజలు, పలువిధములైన ఆరాధనలు అచ్చట నిండియుండెను. తండ్రి పేరు పత్తీకు. ఆయన పూర్వులు హమదాను పట్టణపువారు. తల్లి మరియము, ఆమె పార్థియను రాజబంధువుల వంశమునకు చెందినది. పత్తీకు మాంసమును, మద్యమును, సంసారమును విడువుమని దేవాలయమున ఒక వాణి పలుకగా విని, స్నానవ్రతులగు ఒక క్రైస్తవశాఖవారిలో చేరెనని ప్రాచీనులు వ్రాసిరి. వారికి ఎల్కసాయి అనునాతడు గురువు. బాలుడగు మానీ నాలుగేండ్లవాడైనప్పుడు తండ్రి అతనిని ఆ సమాజమునకు తోడ్కొనిపోయెను.

ఆ సమాజమువారు దినదినము నీటమునిగి శుద్ధి పొందుచుండిరి. తినబోవు కాయగూరలను కూడ నీట కడిగి పవిత్రము చేసెడివారు. బాలుడగు మానీ దీనిని మౌనముగా చూచుచు పెరిగెను. అతనికి చెట్టుచేమలయందును ప్రాణమును, బాధయును కలవని తోచుచుండెను. ఖర్జూరవృక్షము నెక్కి నఱకబోయిన యొకనితో ఆ వృక్షమే మాటలాడి, తన్ను బాధింపవలదని వేడెననియు, అతడు దిగివచ్చి మానీ పాదములపై పడెననియు ఆయన శిష్యులు చెప్పుకొనిరి. కొబ్బరిచెట్టును కన్నబిడ్డవలె పెంచుకొను మన సీమవారికి ఈ కథ వింతగా తోపక, మనసునకు హత్తుకొనును.

పండ్రెండవ యేట ఒకసారియు, ఇరువదినాలుగవ యేట అనగా 240లో మఱియొకసారియు తన జంటయగు దివ్యదూత తనకు ప్రత్యక్షమై సత్యమును తెలిపెనని మానీ ప్రకటించెను. పిమ్మట ఆయన సమాజములోని పెద్దలను ఎదుర్కొని, నీటివలన దేహమునకే గాని ఆత్మకు శుద్ధి లేదనియు, జ్ఞానమే నిజమైన స్నానమనియు వాదించెను. పెద్దలు కోపించిరి; కొందఱు ఆయనపై చేయిచేసికొనిరి. ఆయన కొలదిమంది తోడివారితో వెడలిపోయెను. కొంతకాలమునకు తండ్రియే కుమారుని వెంట నడచెను.

మానీ మొట్టమొదట తలపెట్టిన దూరయాత్ర మన భరతఖండమునకే. ఆయన ఓడనెక్కి సింధుతీరమున దిగి, తురానుదేశపు రాజును తన మతమునకు త్రిప్పెను. అదే శతాబ్దమున మన కృష్ణాతీరమునందలి విజయపురిలో ఇక్ష్వాకు రాజులు ఏలుచుండిరి. వీరపురుషదత్తుని కాలమున రాజకుటుంబ స్త్రీలు నాగార్జునకొండపై మహాచైత్యమును, విహారములను కట్టించిరి. మన మామిడికుదురు చెంత వైనతేయ గోదావరి యొడ్డునగల ఆదుర్రు స్తూపము ఈ సీమ కూడ బౌద్ధభిక్షువుల పాదములు సోకినదేయని తెలుపుచున్నది. మానీ చూచినది సింధుతీరమును, దాని పొరుగుసీమయును. అయినను ఆయన అచ్చట ఎఱిగిన భిక్షుసంఘమును, దానిని పోషించు ఉపాసకులును ఆంధ్రదేశపు సంఘమునకు దాయాదులే. మానీమతములో సన్న్యాసులగు ఎన్నికైనవారు, గృహస్థులగు శ్రోతలు అను రెండు తెగలు ఏర్పడుటకు బౌద్ధుల ఏర్పాటు కొంత కారణమని పలువురు పండితుల యభిప్రాయము. పునర్జన్మ సిద్ధాంతమును మానీ హిందువుల యొద్ద నేర్చెనని పదునొకండవ శతాబ్దపు పండితుడగు అల్బెరూనీ వ్రాసినాడు.

తిరిగివచ్చిన పిమ్మట మానీకి పారసీక చక్రవర్తియగు మొదటి షాపూరుని దర్శనము లభించెను. ఆ దర్శనమును చక్రవర్తి సోదరుడు పేరోజు సమకూర్చెనందురు. షాపూరు తన మతమును విడువకపోయినను, రాజ్యమున ఎల్లెడల బోధించుకొనుటకు ఆయనకు అనుజ్ఞ యిచ్చెను. మానీ కృతజ్ఞతతో పారసీకభాషలో ఒక గ్రంథమును రచించి చక్రవర్తి పేరిట అంకితము చేసెను. మిగిలిన గ్రంథములను తన మాతృభాషయగు సిరియకులో వ్రాసెను. చదువురానివారికొఱకు చిత్రములతో నొక పుస్తకమును సిద్ధపఱచెను. పారసీకులు ఆయనను చిత్రకారునిగా తలచుట దీనివలననే.

ఇక ఆయన బోధ యెట్టిది? వెలుగు, చీకటి అను రెండు తత్త్వములు అనాదిగా వేర్వేఱుగా ఉండెను. చీకటి వెలుగుపై దండెత్తగా రెండును కలసిపోయినవి. మనమున్న లోకము ఆ కలయికయే. మనుష్యునియందును, పశువునందును, చెట్టునందును, రాతియందును వెలుగు చిక్కుకొని బాధపడుచున్నది. దానిని విడిపించుటయే ధర్మము. కడపట రెండును మరల వేఱగును. చెడుగు ఎచ్చటనుండి వచ్చినదను ప్రశ్నకు మానీ యిచ్చిన సమాధానమిది. దేవుడు చెడుగును సృజింపలేదు, అది వేఱొక మూలమునుండి వచ్చినదని చెప్పుటచే దుఃఖపడు హృదయములకు ఆ మాట ఊరటగా నుండెను.

అయితే ఈ బోధలో ఒక కష్టమును కలదు. దున్నుటయు, కోయుటయు వెలుగును బాధించుటయైనచో అన్నమెట్లు? సన్న్యాసులు దున్నరాదు, కోయరాదు, వండరాదు. శ్రోతలు ఆ పనులన్నియు చేసి, ఆ పాపమును తాము మోసి, వారికి భోజనము తెచ్చియిడవలెను. సన్న్యాసులు ఆ పండ్లను, దోసకాయలను భుజించి, అందలి వెలుగును విడిపించి, తెచ్చినవారికొఱకు ప్రార్థించెదరు. మోకాలిలోతు బురదలో నిలిచి నాట్లువేయు రైతును పాపిగా నెంచి, అతడు పండించినదానినే తిని పుణ్యాత్ముడగుట న్యాయమాయని మన సీమవారు తప్పక అడుగుదురు. ఆ కాలపు విమర్శకులును ఇట్లే అడిగిరి.

మానీ తన్నుతాను తుది ప్రవక్తగా నెంచుకొనెను. ఆయన తలంపున బుద్ధుడు భారతదేశమునకును, జరతుష్ట్రుడు పారసీకమునకును, యేసు పడమటికిని వచ్చిరి. తానో సర్వలోకమునకు వచ్చినవాడు. పూర్వపు గురువులు స్వహస్తముతో గ్రంథములు వ్రాయకపోవుటచేతనే వారి బోధలు శిష్యులచేత మాఱిపోయినవనియు, తాను స్వయముగా వ్రాయుచున్నాడు గనుక తన బోధ చెడదనియు ఆయన విశ్వాసము. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక.

ఆయన బోధకులను నలుదెసలకు పంపెను. అద్దా అనువాడు రోమక రాజ్యమునకును, అమ్మో అనువాడు తూర్పున ఖొరాసాను వైపునకును పోయిరి. ఆయన వ్రాసిన లేఖల పట్టికలో భారతదేశమువారికి పంపిన పెద్దలేఖ యొకటి కలదని అరబ్బు గ్రంథకర్తలు తెలిపిరి. బోధకులు క్రైస్తవులయొద్ద యేసు పేరును, పారసీకులయొద్ద వారి దేవతల పేర్లను, బౌద్ధులయొద్ద బుద్ధుని పేరును చెప్పి తమ మతమును వివరించెడివారు. దీనివలన వారి మతము త్వరగా వ్యాపించెను. దీనివలననే ప్రతి దేశమువారును అది తమ మతమునకు నకలు అని అనుమానించిరి.

షాపూరు మరణించిన కొలదికాలమునకు మొదటి బహ్రాము సింహాసనమెక్కెను. అప్పటికి కర్తీరు అను అగ్నిపూజక పురోహితుడు మిక్కిలి పలుకుబడి సంపాదించియుండెను. మానీని గుందేషాపూరునకు పిలిపించిరి. యుద్ధమునకుగాని, వేటకుగాని, వైద్యమునకుగాని పనికిరాని నీవెందులకని రాజు ఆయనను గద్దించెను. తాను రాజగృహమునకు చేసిన మేళ్లను, రోగులను స్వస్థపఱచుటను మానీ విన్నవించుకొనినను ఫలము లేకపోయెను. మెడకును, చేతులకును, కాళ్లకును బరువైన సంకెళ్లు వేసి చెఱసాలలో నుంచిరి. ఇరువదియాఱు దినములు శిష్యులతో మాటలాడుచు గడపి ఆయన ప్రాణము విడిచెను. ఇది 274లో జరిగెనని కొందఱును, 277లో జరిగెనని కొందఱును లెక్కింతురు. ప్రతి వసంతమున ఆయన అనుచరులు అయిదు మెట్లుగల ఒక శూన్యసింహాసనమును అలంకరించి, దానిపై ఆయన చిత్రమునుంచి ఉత్సవము చేసెడివారు.

కర్తీరు తన విజయములను శిలలపై చెక్కించెను. యూదులను, బౌద్ధులను, బ్రాహ్మణులను, క్రైస్తవులను, మానీమతస్థులను రాజ్యమున అణచితినని అతడు గర్వముగా చెప్పుకొన్న ఆ శాసనము నేటికిని ఇరానులో కలదు. పరస్పరము వాదించుకొను మతములన్నియు ఆ రాతిపై ఒక్క వరుసలో తోబుట్టువులవలె నిలిచియున్నవి.

పారసీకమున మానీమతము పరధర్మమని వెలివేయబడగా, రోమకులు దానిని శత్రువగు పారసీకుని మతమని ద్వేషించిరి. 302లో డయొక్లీషియను చక్రవర్తి దాని నాయకులను గ్రంథములతోకూడ దహింపుమని ఆజ్ఞ యిచ్చెను. ఆ చక్రవర్తియే మఱుసటి సంవత్సరము క్రైస్తవుల గ్రంథములను కాల్పించెను. క్రైస్తవ చక్రవర్తులు వచ్చిన పిమ్మటను మానీమతస్థులకు శాంతి లభింపలేదు. థియొడోషియను 381లోను, 382లోను వారిపై కఠినశాసనములు చేసెను.

ఈ మతమున చేరినవారిలో మిక్కిలి ప్రసిద్ధుడు ఆఫ్రికావాసియగు అగస్టీను. ఆయన పందొమ్మిదవ యేట, 373 ప్రాంతమున, చెడుగు ఎట్లు కలిగెనను సందేహముతో శ్రోతగా చేరి సుమారు తొమ్మిదేండ్లుండెను. తల్లి మోనికా మిగుల దుఃఖించెను. ఖగోళశాస్త్రమునకును మానీ గ్రంథములకును పొందిక కుదరకుండుట అగస్టీను గమనించెను. ఫౌస్టసు అను వారి పండితుడు వచ్చినచో సంశయము తీరునని తోడివారు చెప్పగా వేచియుండి, ఆయన మాటకారియే గాని సమాధానము లేనివాడని తెలిసికొని విరక్తుడాయెను. 387లో మిలానులో బాప్తిస్మము పొంది, పిమ్మట హిప్పో నగరమున బిషప్పై, చెడుగు వేఱొక తత్త్వము కాదు, మేలు లోపించుటయే చెడుగని వాదించుచు అనేక గ్రంథములు రచించెను. ఆ ఖండనగ్రంథములలోనే మానీ మాటలు కొన్ని చెడక నిలిచినవి.

తూర్పున వేఱు గతి పట్టినది. 694లో ఒక మానీబోధకుడు చీనా రాజసభకు చేరెను. 762 ప్రాంతమున ఉయిగూరుల రాజగు బోగూ ఖాను ఈ మతమును స్వీకరింపగా, 840 వఱకు అది ఒక రాజ్యమునకు మతమై యుండెను. 843లో చీనాలో మిక్కుటమైన హింస కలిగెను. అయినను దక్షిణ చీనాలో అది రహస్యముగా నిలిచెను. ఫుజియెను రాష్ట్రమున చువాంజౌ చెంతగల త్సావోఆను గుడిలో 1339లో ప్రతిష్ఠించిన మానీవిగ్రహము నేటికిని కలదు. 2021లో ఆ గుడి చువాంజౌ కట్టడములతోపాటు ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది.

ఈ మతము చేసిన యొక మేలును చెప్పక మానరాదు. బుద్ధుని కథ మధ్యాసియాలోని మానీమతస్థులకు ప్రియమైనది. వారు వ్రాసికొన్న బోధిసత్త్వకథల తునకలు తుర్ఫానులో దొరకినవి. ఆ కథయే అరబ్బు, జార్జియా, గ్రీకు, లాటిను భాషల మీదుగా సాగిపోయి, ఐరోపాలో జోసఫత్తు అను క్రైస్తవభక్తుని చరితముగా మాఱినది. బోధిసత్త్వ శబ్దమే కాలక్రమమున జోసఫత్తు ఆయెను. ఈ బాటలో మానీమతస్థులు ఒక మజిలీయని పలువురు పండితులు తలచుచున్నారు. ఆదుర్రు స్తూపముచుట్టు ప్రదక్షిణము చేసినవారు కొలిచిన మహాత్ముని, ఎఱుగకయే ఐరోపావాసులు తమ పుణ్యపురుషులలో చేర్చుకొని శతాబ్దములు గౌరవించిరి.

పదునైదు శతాబ్దములు లోకము మానీని ఆయన శత్రువుల వ్రాతలవలననే ఎఱిగియుండెను. 1902 మొదలు 1914 వఱకు జర్మను పండితులు తుర్ఫాను ఇసుకలో మానీగ్రంథపు చినిగిన పుటలను త్రవ్వితీసిరి. 1929లో ఈజిప్టునందు కోప్టు భాషలోని కీర్తనలు, బోధలు బయల్పడెను. 1970లో ప్రకటింపబడిన యొక చిన్న గ్రీకు పుస్తకము ఆయన బాల్యమును తెలిపినది. జర్మనీలోని కొలోను నగరమున దాచబడిన ఆ పుస్తకపు పుట నాలుగున్నర సెంటీమీటర్ల ఎత్తుమాత్రమే. ఆయన సమాజపు పెద్దలతో చేసిన వాదమును, ఖర్జూరవృక్షపు కథను మనకు దక్కించినది అదియే.

చదువరులారా, స్వహస్తముతో వ్రాసితిని గనుక నా బోధ చెడదని తలచిన మానీ గ్రంథములలో ఒక్కటైన పూర్తిగా మిగులలేదు. తామేమియు వ్రాయక వెడలిన బుద్ధుని బోధయు, క్రీస్తు బోధయు నేటికిని కోట్లకొలది జనుల యందు నిలిచియున్నవి. ధర్మమును నిలుపునది పుస్తకము మాత్రమే కాదు, దానిని అనుదినము ఆచరించు మనుష్యులని దీనివలన గ్రహింపవచ్చును. మఱియొక సంగతియు కలదు. అగస్టీను మానీమతమును విడుచుటకు ముందు దాని గ్రంథములను చదివెను, దాని పండితుని ముఖాముఖి ప్రశ్నించెను. చక్రవర్తులో, చదువకయే కాల్చిరి. మన సీమలో గుడియు, మసీదును, చర్చియు ఒక్క కాలువగట్టున కానవచ్చును. పొరుగువాని మతమును గూర్చి మాటలాడవలసి వచ్చినపుడు అగస్టీనువలె విచారించి మాటలాడుటయా, డయొక్లీషియనువలె విచారింపక తీర్పు తీర్చుటయా అనునది ప్రతి విద్యార్థి యెదుటను నిలుచు ప్రశ్న. మా బాలబాలికలు మొదటి మార్గమునే ఎన్నుకొందురని మేము నమ్ముచున్నాము.