ఏనుగుల వేటగాడు సెలూ

ఫ్రెండ్స్, ఈసారి మన గోడ పత్రికకి ఒక వేటగాడి జీవిత చరిత్ర రాస్తున్నాను. ఆయన పేరు ఫ్రెడరిక్ కోర్ట్‌నీ సెలూ. ఇంగ్లండు దేశస్తుడు. ఆఫ్రికాలో ఏనుగుల్ని, సింహాల్ని వేటాడి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు.

సెలూ 1851వ సంవత్సరం డిసెంబరు 31న లండన్ నగరంలో జన్మించాడు. బాగా ఉన్న ఇల్లు. ఇంట్లోవాళ్ళు డాక్టర్ని చేద్దామనుకున్నారు. కానీ అతని మనసంతా సీతాకోకచిలుకల మీద, పక్షి గుడ్ల మీద. తొమ్మిదేళ్ళప్పుడు బడిలో ఒక రాత్రి సారు వచ్చి చూస్తే, మంచం వదిలేసి ఒట్టి నేల మీద పడుకొని ఉన్నాడంట. ఎందుకని అడిగితే, పెద్దయ్యాక ఆఫ్రికాలో వేటగాడిని అవుతానని, అందుకే నేల మీద పడుకోవడం అలవాటు చేసుకుంటున్నానని చెప్పాడంట. (ఆ అలవాటు మనకి ఎవరూ నేర్పక్కర్లేదు!)

1871లో 400 పౌండ్ల డబ్బుతో ఓడ దిగాడు. అప్పటికి వయసు 19. అక్కడినుంచి ఎడ్లబండ్ల దారిలో ఉత్తరానికి పోయి, 1872లో బులవాయో చేరాడు. అది ఎన్డెబెలె ప్రజల రాజు లోబెంగులా ఉండే ఊరు. ఆ రాజు సెలవు లేకుండా ఆ అడవుల్లో ఎవరూ ఏనుగుని కొట్టకూడదు. సెలూ వెళ్ళి ఏనుగుల వేటకి వచ్చానని చెప్పగానే రాజు పకపకా నవ్వేశాడంట. ఈ పిల్లోడు ఏనుగుల కోసం కాదు, చిన్న జింకల కోసం వచ్చుంటాడని ఎగతాళి చేశాడు. చివరికి, పిల్లోడే కదా ఏం చేస్తాడులే అని, ఎక్కడికైనా పొమ్మన్నాడు. అడవి రాజుది, సెలూ అడిగి పుచ్చుకున్నాడు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

అప్పటి తుపాకి మూతిలోంచి మందు కూరేది. ఒక్కో గుండు బరువు వంద గ్రాముల పైనే. పేలిస్తే భుజం అదిరిపోయేది. గుర్రం మీద పోదామంటే ఆ అడవుల్లో సెట్సీ అనే ఈగ ఉంది. అది కుడితే గుర్రాలు, పశువులు జబ్బుచేసి చచ్చిపోతాయి. అందుకని సెలూ నడిచే వేటాడాడు. అడుగు జాడ చూసి, విరిగిన కొమ్మ చూసి, పేడలో వేడి ఉందా లేదా చూసి ఏనుగు దగ్గరికి తీసుకుపోయింది మాత్రం అక్కడి అడవి మనుషులు. పుస్తకాల మీద వాళ్ళ పేర్లు ఉండవు. ఆ తుపాకితో కొన్నేళ్ళలోనే 78 ఏనుగుల్ని చంపాడు. మాంసం చుట్టుపక్కల వాళ్ళు కోసుకుపోయేవారు. దంతాలు ఎడ్లబండ్ల మీద వెళ్ళిపోయేవి. మన ఇటుకల పండగ వేటలో ఒక్క జంతువు దొరికితే ఊరంతా వాటాలు వేసుకుంటాం కదా. అక్కడ దంతం వాటా ఎక్కడో దూరంలో పియానో మెట్లకి, దువ్వెనలకి, బిలియర్డ్స్ బంతులకి పోయింది. దంతంలో సుమారు మూడోవంతు ఏనుగు తలలోపలే ఉంటుంది. అందుకే చంపకుండా మొత్తం దంతం రాదు.

సెలూ ఒక్కడే కాదు, అలాంటి వేటగాళ్ళు చాలామంది. పదేళ్ళు గడిచేసరికి అక్కడ ఏనుగులు తగ్గిపోయి దంతాల వేట గిట్టుబాటు కాలేదు. అప్పుడు మ్యూజియంల కోసం జంతువుల్ని కొట్టి పంపడం మొదలుపెట్టాడు. ఆయన కొట్టిన 524 జంతువులు లండన్ మ్యూజియానికి చేరాయి. అందులో 19 సింహాలు. 1881లో తన వేట గురించి పుస్తకం రాశాడు. చాలా పేరొచ్చింది.

ఇక నాకు కోపం వచ్చిన భాగం రాస్తాను. సిసిల్ రోడ్స్ అనే తెల్లవాడి కంపెనీకి ఆ ప్రాంతంలో బంగారం, భూమి కావాలి. 1890లో కంపెనీ మనుషులు తుపాకులతో బయల్దేరారు. అడవిలో సుమారు 400 మైళ్ళు దారి చూపించింది ఎవరనుకున్నారు? సెలూయే. పిల్లోడని నవ్వి రాజు తిరగనిచ్చిన ప్రాంతంలోనే! అన్నేళ్ళు తిరిగాడు కాబట్టి వాగులు, కొండలు అన్నీ తెలుసు. 1893లో యుద్ధం వచ్చింది. కంపెనీ దగ్గర మాక్సిమ్ మరతుపాకులు ఉన్నాయి. లోబెంగులా తన ఊరికి నిప్పు పెట్టించి వెళ్ళిపోయాడు, 1894లో చనిపోయాడు. భూమి, పశువులు పోయిన జనం 1896లో తిరగబడ్డారు. సెలూ అప్పుడూ తెల్లవాళ్ళ వైపే యుద్ధం చేశాడు. ఆ దేశానికి రోడ్స్ పేరుమీద రొడీషియా అని పేరు పెట్టుకున్నారు. 1980లో స్వాతంత్ర్యం వచ్చాక జింబాబ్వే అయింది.

ధైర్యం మాత్రం ఉన్న మనిషే. మొదటి ప్రపంచ యుద్ధంలో 63 ఏళ్ళ వయసులో సైన్యంలో చేరి తూర్పు ఆఫ్రికాకి వెళ్ళాడు. 1917 జనవరి 4న ఇప్పటి టాంజానియాలో, రుఫీజీ నది ప్రాంతంలోని బేహో బేహో అనేచోట జర్మన్ వైపువాళ్ళ గుండు తగిలి చనిపోయాడు. అక్కడే చింతచెట్టు కింద పూడ్చిపెట్టారు.

1922లో ఆంగ్లేయులు ఆ అడవికి సెలూ పేరు పెట్టి జంతువుల రక్షణకి ఉంచారు. తర్వాత అది పెరిగి పెరిగి సుమారు 50 వేల చదరపు కిలోమీటర్లు అయింది. పాత విశాఖపట్నం జిల్లా లాంటివి నాలుగు పడతాయి. మరి అందులో ఊళ్ళు లేవా అంటే, ఉండేవి. 1940ల్లో సెట్సీ ఈగ వల్ల మనుషులకి నిద్రజబ్బు వస్తోందని చెప్పి ప్రభుత్వం ఊళ్ళని ఖాళీ చేయించింది. అడవిలో పుట్టినవాళ్ళు లైసెన్సు లేకుండా వేటాడితే నేరం. డబ్బు కట్టి లైసెన్సు తీసుకున్న విదేశీయులు వేటాడొచ్చు. రాజుని సెలూ అడిగినట్టు ఆ ఊళ్ళవాళ్ళని ఎవరూ అడగలేదు.

ఏనుగులైనా బతికాయా? 1970ల్లో ఆ అడవిలో లక్షకు పైగా ఉండేవి. 2013లో విమానంలో తిరిగి లెక్కపెడితే సుమారు 13 వేలే ఉన్నాయి. దంతాల దొంగలు చంపేశారు. కొనేవాళ్ళు మళ్ళీ దూరదేశాల వాళ్ళే.

2019లో టాంజానియా ప్రభుత్వం ఆ అడవిలో పెద్ద భాగాన్ని విడదీసి జాతీయ పార్కు చేసింది. దానికి తమ మొదటి రాష్ట్రపతి జూలియస్ నైరేరే పేరు పెట్టింది. సెలూ సమాధి ఇప్పుడు ఆ నైరేరే పార్కులోనే ఉంది.